బోర్నియో అడవిలో ఎకో లాడ్జి: పెద్దవాళ్ళతో, చిన్నపిల్లతో వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలుస్తుంది. మలేషియాలోని సబా రాష్ట్రంలో, అంటే బోర్నియో ద్వీపం ఉత్తర భాగంలో, వర్షారణ్యం మధ్య ఎకో లాడ్జిలో మూడు రాత్రులు ఉండాలని మీ ఆలోచన. మీ దంపతులు, ఎనిమిదేళ్ళ పాప, 64 ఏళ్ళ అమ్మగారు. అమ్మగారు శాకాహారి, మోకాళ్ళ నొప్పులున్నాయి, స్టెంట్ వేశాక రక్తం పలచన చేసే మాత్ర వేసుకుంటున్నారు. డానమ్ వ్యాలీకి వెళ్ళాలా, కినబాటంగన్ నదికి వెళ్ళాలా? సంక్రాంతి సెలవుల్లోనా, వేసవిలోనా? మారేడుమిల్లి కాటేజీల్లో రెండుసార్లు ఉన్నాం, అదే అనుభవానికి ఇంత డబ్బు పెట్టడం దండగ కాదా?

వెళ్ళండి. వేసవి సెలవుల్లో వెళ్ళండి. ఒక రాత్రి ఒరాంగుటాన్ కేంద్రం ఉన్న సెపిలోక్‌లో, రెండు రాత్రులు కినబాటంగన్ ఒడ్డున. డానమ్ ఈసారికి వద్దు. ఇక డబ్బు దండగా కాదా అన్నది మీకు ఇచ్చే గది మీద కన్నా, మీ పడవలో కూర్చునే గైడు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే లాడ్జి ఎంచుకోవడం సగం తేలికవుతుంది.

నేను గైడుని కాను. కౌలాలంపూర్‌లో పదకొండేళ్ళుగా ఉద్యోగం. సబాకి తొమ్మిదిసార్లు వెళ్ళాను, అందులో ఐదుసార్లు ఇండియా నుంచి వచ్చిన చుట్టాల్ని వెంటబెట్టుకుని. కాబట్టి పక్షుల పేర్లకన్నా "అన్నయ్యా, ఇక్కడ పెరుగు దొరుకుతుందా" లాంటి ప్రశ్నలకి జవాబు బాగా చెప్పగలను.

మారేడుమిల్లి సంగతితో మొదలుపెడతాను. అది మంచి అడవే, కాదనను. కానీ అక్కడ ఎండాకాలంలో చాలా చెట్లు ఆకు రాలుస్తాయి, చూపు కొంత దూరం సాగుతుంది. బోర్నియోలో ఆకురాలే కాలం అంటూ లేదు. కాలిబాట పక్కన పది అడుగుల అవతల ఏముందో కనిపించదు. నేల మీద మధ్యాహ్నం కూడా మసక వెలుతురే. పూలు, కాయలు, కోతులు, పక్షులు అన్నీ పైన నలభై యాభై మీటర్ల ఎత్తులో తమ లోకంలో తాము ఉంటాయి. కళ్ళకన్నా చెవులకి పని ఎక్కువ. సాయంత్రం సరిగ్గా ఆరు ప్రాంతంలో ఒక రకం కీచురాయి మొదలుపెడుతుంది, రంపం మిల్లు పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు జనరేటర్ ఏదో పాడైందనుకున్నాను.

అందుకే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి డానమ్ కన్నా నది మేలని చెప్తాను. డానమ్ వ్యాలీ 438 చదరపు కిలోమీటర్ల రక్షిత అడవి, ఎక్కువ భాగం గొడ్డలి తగలనిదే. 100.8 మీటర్ల ఎత్తున్న చెట్టు అక్కడే ఉంది, దాని పేరు మెనారా. మలయ్ భాషలో మెనారా అంటే గోపురం, మన చార్మినార్‌లోని మినార్ కూడా ఆ మాటకి చుట్టమే. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. ఒకదాని మీద ఒకటి రెండు చార్మినార్లు పెడితే ఎంతో, ఇంచుమించు అంత చెట్టు! అన్నట్టు ఇది మెరాంటి జాతి, మన ఉత్తరాంధ్ర మన్యంలోని గుగ్గిలం, శేషాచలం కొండల మీది జలారి ఉన్న కుటుంబమే. సాంబ్రాణితో పాటు గుగ్గిలం పొగ వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి, గైడు ఆ చెట్ల బంకని వేలితో గీరి వాసన చూపించినప్పుడు నాకు పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించలేదు.

అయితే డానమ్‌లో అన్నీ నడిచి చూడాలి. లహాడ్ డాటు అనే ఊరి నుంచి రెండు గంటలకు పైగా కంకర రోడ్డు. తర్వాత బురద, వేర్లు, ఎక్కుడు దిగుడు, జలగలు. మెడ పైకెత్తి ఎత్తి నొప్పి పుడుతుంది. ఆ కష్టానికి ఫలితం ఒక్కోసారి గొప్పగా ఉంటుంది, తెల్లవారుజామున గిబ్బన్ అనే తోకలేని వానరాల పాట వింటే నిద్రమత్తు దిగిపోతుంది. ఒక్కోసారి రెండు రోజులు తిరిగినా ఉడతలే కనిపిస్తాయి. పైగా అక్కడి ప్రధాన లాడ్జి ధర నదీతీర లాడ్జిల కన్నా చాలా ఎక్కువ. పరిశోధకుల కోసం 1980ల్లో కట్టిన ఫీల్డ్ సెంటర్‌లో కాస్త తక్కువకి ఉండొచ్చు కానీ సౌకర్యాలు హాస్టల్ లెక్క. మోకాళ్ళ నొప్పులున్న మనిషికీ, ఎనిమిదేళ్ళ పిల్లకీ ఇది మొదటి అడవి కాకూడదు. పాపకి పన్నెండు పదమూడేళ్ళు వచ్చాక తప్పకుండా తీసుకెళ్ళండి.

కినబాటంగన్‌లో అలా కాదు. మీరు పడవలో కూర్చుంటారు, జంతువులే గట్టుకి వస్తాయి. 560 కిలోమీటర్ల నది, సబాలో అతి పొడవైనది. ముక్కు కోతులని మా పిల్లలు పేరు పెట్టారు, వంకాయంత ముక్కు వేలాడుతూ, కుండలాంటి పొట్టతో ఉండే కోతులు బోర్నియోలో తప్ప ఇంకెక్కడా ఉండవు. అవి పగలంతా లోపల ఆకులు మేసి, రాత్రి పడుకోవడానికి నది ఒడ్డు చెట్ల మీదికి చేరతాయి. అన్ని లాడ్జిలూ సాయంత్రం నాలుగింటికి పడవ తీసేది అందుకే. అవి ఆకులు అరిగించుకోవడానికే ఆ పొట్ట. స్థానికులు వీటిని సరదాగా "డచ్చి కోతి" అంటారు, ఒకప్పటి డచ్చివాళ్ళ ముక్కులూ పొట్టలూ చూసి. ఎనిమిది రకాల హార్న్‌బిల్ పక్షులు ఈ నది వెంట ఉన్నాయి. అదృష్టం బాగుంటే ఒరాంగుటాన్, ఇంకా బాగుంటే ఏనుగుల మంద. నా తొమ్మిది ప్రయాణాల్లో ఏనుగులు కనిపించింది మూడుసార్లు, అడవిలో స్వేచ్ఛగా తిరిగే ఒరాంగుటాన్ ఐదుసార్లు. ముక్కు కోతులు మాత్రం దాదాపు ప్రతిసారీ.

ఇన్ని జంతువులు ఇంత తేలిగ్గా ఎందుకు కనిపిస్తాయన్నది మీకు ఏ ట్రావెల్ ఏజెంటూ చెప్పడు. వాటికి వెనక్కి పోవడానికి చోటు లేదు. విమానాశ్రయం ఉన్న శాండకన్ పట్టణం నుంచి, నది ఒడ్డున లాడ్జిలుండే సుకావు ఊరికి వెళ్ళే రెండు రెండున్నర గంటల దారిలో ఎక్కువ భాగం మీరు చూసేది అడవి కాదు, పామాయిల్ తోటలు. నది వెంట మిగిలిన అడవిని 2005లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు, సుమారు 26,000 హెక్టార్లు, అది కూడా పది ముక్కలుగా. చాలాచోట్ల గట్టు నుంచి కాస్త లోపలికి వెళ్తే తోట మొదలవుతుంది. ఆ సన్నని అంచులోనే ఏనుగులూ కోతులూ అన్నీ సర్దుకుని బతుకుతున్నాయి.

ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. మాది పెదవేగి పక్క ఊరు. మా నాన్న పొగాకు మానేసి పామాయిల్ వేశారు, నా చదువు ఆ గెలల మీదే నడిచింది. మన దగ్గర ఎక్కువగా అప్పటికే సాగులో ఉన్న భూమిలోనే పంట మార్చి వేశారు, సబాలో పల్లపు అడవి పోయి ఆ స్థానంలో తోట వచ్చింది. కలప కోసం ముందే నరికిన అడవి అందులో చాలా ఉందన్నది కూడా నిజమే. ప్రపంచంలో పామాయిల్ అత్యధికంగా దిగుమతి చేసుకునేది మన దేశమే, అందులో మలేషియా వాటా పెద్దది. మొదటిసారి ఆ రోడ్డు మీద వ్యాన్‌లో వెళ్తూ మా ఆవిడ "ఇదంతా మన తోటలాగే ఉందే" అంది. ఏం చెప్పాలో తోచలేదు. మీ పాప అడుగుతుంది, జవాబు ఆలోచించి పెట్టుకోండి.

ఇక లాడ్జి ఎంపిక. మన దగ్గర లాడ్జి అంటే బస్టాండ్ ఎదురుగా ఉండేదే గుర్తొస్తుంది, ఎకో అని ముందు తగిలిస్తే వెదురు కుర్చీలు, రేటు రెట్టింపు. బోర్నియోలో కూడా ఆ బాపతు ఉన్నాయి. నేను మూడోసారి వెళ్ళినప్పుడు దిగిన చోట (పేరు చెప్పను) బోర్డు నిండా ఆకుపచ్చ మాటలే. రాత్రి పదింటి దాకా కరావోకే. మర్నాడు ఏనుగుల మంద నది దాటుతోందని వాకీటాకీలో కబురొస్తే ఎనిమిది పడవలు ఒక్కసారిగా చుట్టుముట్టాయి, మాదీ అందులో ఒకటి. తల్లి ఏనుగు పిల్లని నీళ్ళలోంచి వెనక్కి నెట్టుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి తీయమని మా పడవవాడికి చెప్తే "మిగతావాళ్ళు ముందుకెళ్తారుగా" అన్నాడు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఎవరికీ చూపించను.

అప్పటినుంచి బుక్ చేసే ముందు ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఈ ప్రశ్నలు అడుగుతున్నాను:

పడవకి ఎంతమంది? పది దాటితే వద్దు. ఆరుగురు ఎనిమిదిమంది అయితే మంచిది.

గైడ్లు ఏ ఊరివాళ్ళు? సుకావు, బిలిట్, బాటు పుతే ఊళ్ళ వాళ్ళయితే నది వాళ్ళ చిన్ననాటి ఆటస్థలం. అక్కడివాళ్ళని ఒరాంగ్ సుంగై అంటారు, అంటే నది మనుషులు. చీకట్లో ముప్ఫై మీటర్ల దూరంలో కొమ్మ మీద నిద్రపోతున్న లకుముకి పిట్టని వాళ్ళు టార్చి ఒక్క విసురులో పట్టేస్తారు. నాకు పక్కన నిలబెట్టి చూపించినా అర నిమిషం పడుతుంది.

జంతువు దగ్గర ఇంజిన్ ఏం చేస్తారు? కొన్ని లాడ్జిలకి చప్పుడు లేని బ్యాటరీ మోటార్లున్నాయి, దగ్గరికి వెళ్ళాక దాని మీద నడుపుతారు. కనీసం ఇంజిన్ ఆపి నీటివాలుకి వదిలేస్తామనాలి.

మేత వేసి రప్పిస్తారా? "గ్యారంటీగా చూపిస్తాం" అన్నవాణ్ణి నమ్మకండి.

మురుగు ఎక్కడికి పోతుంది, తాగేనీళ్ళు సీసాల్లోనా కుండలోంచి నింపుకోవడమా అన్నవి కూడా అడగొచ్చు. నిజాయితీగా పనిచేసేవాళ్ళు వీటికి విసుక్కోరు, పేజీలకి పేజీలు రాస్తారు. బాటు పుతేలో ఊరివాళ్ళే సహకార సంఘం పెట్టుకుని, కోపెల్ అంటారు, ఇళ్ళలో అతిథులకి బస, అడవిలో క్యాంపు నడుపుతున్నారు. వచ్చిన డబ్బుతో చెట్లు నాటుతారు, అక్కడి చెరువులో మన గుర్రపుడెక్కలా పట్టేసిన సాల్వీనియా కలుపుని ఏళ్ళ తరబడి చేత్తో తీశారు. నాకు చాలా నచ్చిన చోటు అది. కానీ మీ అమ్మగారికి నేల మీద పరుపు, బయట బాత్‌రూమ్ లాంటివి ఇబ్బందేమో. మీకు సుకావు దగ్గర అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న మధ్యరకం లాడ్జి సరిపోతుంది.

ధరల గురించి ఒక మాట. ఇక్కడ లెక్క గదికి కాదు, మనిషికి. అందులో భోజనాలు, పడవ షికార్లు, గైడు, తరచుగా శాండకన్ నుంచి రానుపోను వ్యాన్ కూడా కలిసి ఉంటాయి. చూడగానే గుండె గుభేలుమంటుంది గానీ, విడివిడిగా వేసుకుంటే అంత తేడా ఉండదు. పిల్లలకి తగ్గింపు ఉంటుంది, అడగండి.

రోజు ఎలా గడుస్తుందో ముందే తెలిస్తే నిరాశ ఉండదు. పొద్దున్న ఆరింటికి పడవ, మంచు తెరలో. ఎనిమిదింటికి టిఫిన్. తర్వాత చిన్న నడక, ఇది మీ అమ్మగారు మానేయొచ్చు. పదకొండు నుంచి నాలుగు దాకా ఏమీ ఉండదు. నిజంగా ఏమీ ఉండదు. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, టీవీ ఉండదు, ఉక్కపోత. మా బావగారు మొదటి రోజు ఆ నాలుగైదు గంటలు జైల్లో ఉన్నట్టు తిరిగారు, రెండో రోజు వరండాలో పడక కుర్చీ వదల్లేదు. పాప కోసం రంగు పెన్సిళ్ళు, ఒక చవక బైనాక్యులర్ పెట్టుకోండి. నాలుగింటికి మళ్ళీ పడవ, రాత్రి ఎనిమిదింటికి ఇంకొకటి. రాత్రి పడవ మీద పిల్లలు నిద్రపోతారు, ఫర్వాలేదు, లైఫ్ జాకెట్ మాత్రం విప్పనివ్వకండి. నదిలో మొసళ్ళున్నాయి, చేతులు నీళ్ళలో పెట్టనివ్వొద్దు.

గది గురించి: చెక్క గది, దోమతెర, ఫ్యాన్. కొన్నింటికి ఏసీ ఉంటుంది. నా సలహా ఏసీ ఉన్నా తక్కువ వాడమనే. చల్లటి గదిలోంచి కెమెరా బయటికి తెచ్చారంటే లెన్స్ మీద ఆవిరి పట్టి పావుగంట పనికిరాదు, సరిగ్గా అప్పుడే ఏనుగు వస్తుంది. ఉతికిన బట్టలు ఆరవు. కాటన్ జీన్స్ అసలు వద్దు, తడిస్తే ఇంటికొచ్చేదాకా తడే. బల్లులు ఉంటాయి, మన ఇంటివే అనుకోండి. గది తలుపు గడియ పెట్టడం మర్చిపోకండి, పొడవు తోక కోతులు బ్యాగు జిప్పు తీయడం నేర్చుకున్నాయి. మా చెల్లెలు తెచ్చిన సున్నుండల డబ్బా పోయింది అలాగే.

జలగల దగ్గర కొంచెం ఆగుతాను, అందరూ భయపడేది వీటికే, మీ అమ్మగారి విషయంలో కాస్త అవసరం కూడా. మన చెరువు జలగలు వేరు, ఇవి నేల మీద, ఆకుల చివర ఉంటాయి. రెండు రకాలు. గోధుమరంగుది నేల మీద ఉంటుంది, కుట్టినట్టే తెలియదు. చారల పులి జలగ ఆకుల మీద నడుము ఎత్తులో కాచుకుని ఉంటుంది, అది కరిస్తే చురుక్కుమంటుంది. జబ్బులు అంటిస్తాయన్న భయం పెట్టుకోనక్కర్లేదు. కానీ రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతాయి కాబట్టి అది ఊడిపోయాక కూడా మామూలు మనిషికే గంట, ఆపైన కారుతుంది. రక్తం పలచన చేసే మాత్ర వాడేవాళ్ళకి ఇంకా ఎక్కువసేపు కారుతుంది. ప్రమాదం అనను గానీ, చీర అంచు తడిసిపోతే మనిషి కంగారుపడి బీపీ పెరుగుతుంది. అమ్మగారిని పడవకే పరిమితం చేయండి, పడవలో జలగలుండవు. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, బయల్దేరేముందు కార్డియాలజిస్టుకి ఒకసారి చెప్పండి.

మిగతావాళ్ళు నడకకి వెళ్తే లీచ్ సాక్స్ వేసుకోవాలి. మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత గుడ్డ మేజోళ్ళు అవి, శాండకన్‌లోనూ లాడ్జిల్లోనూ అమ్ముతారు. జలగ పట్టుకుంటే ఉప్పు చల్లడం, లైటర్‌తో కాల్చడం వద్దు. అది తాగిందంతా గాయంలోకి కక్కి పోతుంది, ఇన్‌ఫెక్షన్ వచ్చేది అలాగే. మా బావమరిది జేబు నిండా ఉప్పు పొట్లాలు వేసుకొచ్చాడు, వర్షానికి జేబంతా ఉప్పునీళ్ళు అయింది, అంతే ప్రయోజనం. గోరుని చర్మానికి ఆనించి జలగ సన్నటి కొస కిందికి జరపండి, పట్టు వదిలేస్తుంది. దూదితో నొక్కి ప్లాస్టర్ వేయండి.

భోజనం. బఫే ఉంటుంది, అన్నం ఎప్పుడూ ఉంటుంది, కూరలు కూడా. అసలు చిక్కు కనిపించని దగ్గర ఉంది. కంగ్‌కుంగ్ అని ఆకుకూర వేపుడు పెడతారు, అది మన తూటికూరే, చూడగానే ప్రాణం లేచొస్తుంది. కానీ అందులో సాధారణంగా బెలచాన్ వేస్తారు, అంటే ఎండురొయ్యలు నూరి పులియబెట్టిన ముద్ద. సంబల్ పచ్చడిలో కూడా అదే. కూరగాయల వేపుళ్ళలో ఆల్చిప్పల రసంతో చేసే ఆయిస్టర్ సాస్, అన్నం మీద చిన్న ఎండు నెత్తళ్ళు. వాళ్ళ దృష్టిలో ఇవన్నీ కూరగాయల వంటలే, మోసం ఏమీ లేదు. కాబట్టి "వెజిటేరియన్" అని చెప్తే చాలదు. "బెలచాన్ వద్దు, చేప వద్దు, రొయ్య వద్దు, ఆయిస్టర్ సాస్ వద్దు, గుడ్డు తినొచ్చు లేదా తినరు" అని బుకింగ్ అప్పుడే రాసి పెట్టండి, చేరగానే వంటవాళ్ళకి మళ్ళీ చెప్పండి. "తాక్ మావు బెలచాన్" అంటే బెలచాన్ వద్దు అని. ముందే చెప్తే టోఫు, టెంపే (రెండూ సోయాతో చేసేవే), బంగాళాదుంప, పప్పుతో ఏదో ఒకటి చేస్తారు. పెరుగు ఉండదు, శాండకన్‌లో సూపర్ మార్కెట్‌లో కొనుక్కుని ఫ్రిజ్‌లో పెట్టమంటే పెడతారు. కందిపొడి, కరివేపాకు పొడి సీల్ చేసిన ప్యాకెట్లలో తెచ్చుకోండి. మా అత్తగారు మూడు రోజులూ వాటి మీదే గడిపి, నాలుగో రోజు కంగ్‌కుంగ్ వేపుడు ఎలా చేస్తారో అడిగి తెలుసుకున్నారు.

ఆరోగ్యం విషయంలో రెండు సంగతులు మాత్రం గట్టిగా చెప్తాను. ఒకటి, సబాలో కోతుల నుంచి దోమ ద్వారా మనుషులకి వచ్చే ఒక రకం మలేరియా ఉంది, నోలెసి అంటారు. లాడ్జిలో రెండు రాత్రులుండే పర్యాటకుడికి వచ్చే అవకాశం తక్కువే, అయినా సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. తిరిగొచ్చాక నెలలోపు జ్వరం వస్తే డాక్టర్‌తో "బోర్నియో అడవిలో ఉన్నాం" అని మొదటి వాక్యంగా చెప్పండి. సూక్ష్మదర్శినిలో అది వేరే రకం మలేరియాలా కనిపించి పొరబడే వీలుంది, ఇదేమో త్వరగా ముదిరే రకం. రెండోది ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్), కలుషితమైన నీళ్ళలోంచి ఒంటి మీది గాయాల ద్వారా సోకేది. డానమ్ పక్కనుంచి పారే సెగామా నదిలో 2000లో ఒక అంతర్జాతీయ సాహస పోటీ జరిగితే, పాల్గొన్నవాళ్ళలో పదుల మందికి అది సోకింది. వాగు కనిపిస్తే దిగాలనిపిస్తుంది పిల్లలకి, కాలి మీద గీతలు, పుండ్లు ఉంటే అసలు దిగనివ్వకండి. అమ్మగారి మాత్రలు రెండు బ్యాగుల్లో విడివిడిగా పెట్టుకోండి, పెద్ద ఆసుపత్రి శాండకన్‌లోనే.

ఎప్పుడు వెళ్ళాలన్నది తేలిక. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ వానలు ముమ్మరం, నది గట్టు దాటుతుంది. ఒక సంక్రాంతికి వెళ్ళి లాడ్జి మెట్ల మీద నీళ్ళు, నడక బాటలన్నీ మునక, జంతువులన్నీ లోపలికి పోయి, మూడు రోజులు పేకాట ఆడి వచ్చాం. ఏప్రిల్, మే నెలలు బాగుంటాయి. వాన అప్పుడూ పడుతుంది, వర్షారణ్యం కదా, కానీ గంట రెండు గంటలు పడి పోతుంది.

ప్రయాణం: హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ నాలుగు గంటల పైచిలుకు, అక్కడినుంచి శాండకన్‌కి మూడు గంటలలోపు. సబాకి సొంత ఇమిగ్రేషన్ ఉంది, దేశం లోపలి విమానమే అయినా పాస్‌పోర్ట్ మళ్ళీ చూపించాలి, చెకిన్ బ్యాగులో పెట్టేసి టెన్షన్ పడొద్దు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి 30 రోజుల లోపు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్ అరైవల్ కార్డు మాత్రం ప్రయాణానికి ముందు మూడు రోజుల్లో నింపాలి. టికెట్ కొనే రోజున ఈ నిబంధన ఇంకా అలాగే ఉందో లేదో చూసుకోండి.

సెపిలోక్‌ని మొదటి రాత్రికి పెట్టమన్నది ఎందుకంటే, అది శాండకన్ విమానాశ్రయానికి అరగంట దూరం. అక్కడ 1964 నుంచి తల్లిని కోల్పోయిన ఒరాంగుటాన్ పిల్లల్ని పెంచి అడవికి అలవాటు చేసే కేంద్రం నడుస్తోంది. ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి వేదిక మీద మేత పెడతారు. అడవిలో పండ్లు బాగా కాసిన రోజుల్లో అవి అసలు రావు, కేంద్రం వాళ్ళు దానికి సంతోషిస్తారు, టికెట్ కొన్నవాళ్ళు గొణుగుతారు. పక్కనే సన్ బేర్ అనే పొట్టి రకం ఎలుగుబంట్ల కేంద్రం ఉంది, పాపకి అది ఇంకా నచ్చుతుంది. దగ్గర్లోని రెయిన్‌ఫారెస్ట్ డిస్కవరీ సెంటర్‌లో చెట్ల కొనల ఎత్తున పొడవాటి ఉక్కు వంతెన ఉంది, ఊగదు, వెడల్పుగా ఉంటుంది. మెట్లు ఎక్కగలిగితే అమ్మగారు కూడా అక్కడ డానమ్ ఎలా ఉంటుందో కొంత చూసేయొచ్చు, జలగలు లేకుండా.

చివర్లో అమ్మగారు చీర తప్ప కట్టుకోరని, ఫర్వాలేదా అని అడిగారు. పడవలో కూర్చోవడానికి ఇబ్బంది లేదు, మా అత్తగారు నేత చీరలోనే ఐదు షికార్లు చేశారు. ఇబ్బందంతా రేవు మెట్ల దగ్గర. నది మట్టం రోజురోజుకీ మారుతుంది, ఒకరోజు నాలుగు మెట్లు దిగితే పడవ, మర్నాడు పదిహేను మెట్లు, అవి కూడా పాచి పట్టి. బుక్ చేసే ముందు లాడ్జివాళ్ళని రేవు ఫోటో పంపమనండి. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీ ఉంటేనే ఖాయం చేయండి. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకుని, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోమనండి. పడవలో ముందు నుంచి రెండో వరస ఆవిడకి. మొదటి వరసలో నీళ్ళు చిమ్ముతాయి, వెనక ఇంజిన్ మోత.

తేదీలు ఖాయమయ్యాక, ఏ లాడ్జి అనుకుంటున్నారో ఇక్కడే రాయండి. నేను దిగినదైతే ఆ రేవు ఎలా ఉంటుందో చెప్తాను.